పోకర్ నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా? సంక్రాంతికి మా మిద్దె మీద ఆడుకుంటే కేసవుతుందా?

భవానీనగర్ అక్క, తిరుపతి

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. రెండేళ్లుగా శని, ఆదివారాలు అక్కడ క్లబ్బులో పోకర్ ఆడుతున్నాడని ఈ మధ్యే మాకు తెలిసింది. పండక్కి ఊరికొస్తున్నాడు. భోగి రాత్రి మా మిద్దె మీద గదిలో స్నేహితులందరినీ పిలిచి ఆట పెట్టుకుంటాడట, మొత్తం ఎనిమిది మంది, తలా రెండు వేలు. ఫోన్లో ఆ మాట వినగానే అమ్మ అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

వాడేమో కర్ణాటక హైకోర్టు ఆర్డరు వాట్సాప్‌లో పంపి, "అక్కా, పోకర్ నైపుణ్యం ఆట, జూదం కాదు, కోర్టే చెప్పింది, అమ్మకు నువ్వే నచ్చజెప్పు" అంటున్నాడు. మా ఆయనేమో గుజరాత్ హైకోర్టు అదే ఆటను జూదమని చెప్పిందంటారు. అవే 52 ముక్కలు, అదే ఆట, ఒక కోర్టు అట్లా, ఇంకో కోర్టు ఇట్లా ఎలా చెబుతాయి? మన తిరుపతిలో ఏది లెక్క?

అమ్మ భయం ఊరికే కాదు. నేను పదో తరగతిలో ఉండగా మా నాయన ఒక మామిడితోట షెడ్డులో రమ్మీ ఆడుతూ పట్టుబడ్డారు. మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. ముందు బల్ల మీద పేక ముక్కలు పరిచి, పక్కన నోట్లు వరసగా పేర్చి, వెనకాల అందరినీ నిలబెట్టారు. చివర్లో మా నాయన, టవలు తల మీదుగా ముఖం దాకా లాక్కుని. ముఖం కనపడలేదు గానీ ఆ టవలు నీలం గళ్ల అంచు చూసి మా వీధంతా గుర్తుపట్టింది. అమ్మ ఆ టవల్ని మళ్లీ దండెం మీద ఆరేయలేదు. నాయన కోర్టులో జరిమానా కట్టి వచ్చారు. ఇప్పుడాయన లేరు.

రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందని నాకు పెళ్లయ్యాక తెలిసింది. మరి మా నాయన మీద కేసెలా పెట్టారు? తమ్ముడి సంగతితో పాటు ఇది కూడా ఎవరైనా చెప్పండి. ఇన్నేళ్లూ లోపల పెట్టుకున్నాను.


నగరి బాబు

అక్కా, పోకర్ అంటే మన మూడు ముక్కలాటకే ఇంగ్లీషు పేరు. ముక్క పడితే గెలుస్తావు, పడకపోతే పోతావు. ఇందులో నైపుణ్యమేముంది, అంతా లక్కే. తమ్ముడికి వద్దని చెప్పండి.


పలమనేరు టు బెంగళూరు

బాబూ, ఆడి చూడకుండా చెబుతున్నావు. నేను ఆడాను, మూడేళ్లు, ప్రతి ఆటా నోట్‌బుక్కులో రాసుకుంటూ. పోకర్, మూడు ముక్కలాట ఒకటి కాదు.

ఎక్కువ మంది ఆడే రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కలిపి తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి. ప్రతి దశలోనూ పందెం కాయాలా, పెంచాలా, పడేయాలా అని నువ్వే తేల్చుకోవాలి. ఒక ఉదాహరణ చెబుతాను. నా చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నాయి, మధ్యలో తెరిచిన మూడింటిలో ఇంకో రెండు ఇస్పేట్లు. అంటే నాలుగు. ఐదోది పడితే నా ఆట బలమైనది. మొత్తం ఇస్పేట్లు 13, నాకు కనపడేవి 4, మిగిలినవి 9. నేను చూడని ముక్కలు 47. తర్వాతి ముక్క ఇస్పేటు అయ్యే అవకాశం 47కి 9, అంటే సుమారు 19 శాతం. ఇప్పుడు మధ్యలో 800 రూపాయలున్నాయి, ఎదుటివాడు 200 పెట్టాడు. నేను 200 పెడితే మొత్తం 1200 అవుతుంది, నా వంతు ఆరో భాగం, అంటే దాదాపు 17 శాతం. నా అవకాశం 19 కాబట్టి పెట్టొచ్చు. అదే వాడు 200 కాకుండా 800 పెట్టాడనుకో, నేను 800 పెడితే మొత్తం 2400, నా వంతు 33 శాతం. 19 శాతం అవకాశానికి 33 శాతం ధర. ముక్కలు పడేయాలి. అవే ముక్కలు, అదే అదృష్టం, ఒకసారి ఉండటం సరైంది, ఇంకోసారి లేవడం సరైంది. ఈ లెక్క తెలియనివాడు రెండుసార్లూ ఉంటాడు, నెల తిరిగేసరికి జేబు ఖాళీ.

ఇంకో మాట. పోకర్‌లో చాలా ఆటలు ముక్కలు చూపించకుండానే ముగుస్తాయి. అందరూ పడేశాక మిగిలినవాడు డబ్బు తీసుకుంటాడు, వాడి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. ముక్కలే గెలిపించేదయితే చూపించకుండా ఎలా గెలుస్తాడు? కావాలని ఓడిపోవడం కూడా మన చేతిలో ఉంది. లాటరీ టికెట్టు కొని కావాలని ఓడిపో చూద్దాం.

అక్కా, మీ తమ్ముడు అబద్ధం చెప్పడం లేదు. ఆటలో నైపుణ్యం ఉంది.


లెక్కల సార్, తిరుపతి

పలమనేరు బాబు చెప్పిన లెక్క తప్పు కాదు. ఇంటర్ పిల్లలకు నేను ఇదే పద్ధతిలో ప్రాబబిలిటీ చెబుతాను. కానీ ఒక ప్రశ్న వదిలేశాడు: ఎన్ని ఆటల్లో?

పోకర్‌లో అన్నిటికన్నా మంచి ఆరంభం రెండు ఆసులు. 221 ఆటలకు ఒకసారి వస్తాయి. ఎదుటివాడికి రెండు రాజులు వచ్చాయనుకోండి, రెండో మంచి ఆరంభం అది. ఇద్దరూ ఉన్నదంతా పెట్టేశారు. ఆసులవాడు గెలిచేది సుమారు 82 శాతం. అంటే అన్నీ సరిగ్గా చేసినవాడు కూడా ఐదారు సార్లకు ఒకసారి మొత్తం పోగొట్టుకుని లేస్తాడు. వాడి తప్పేమీ లేదు. అదృష్టం అంతే.

2017లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రేటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో నలుగురు పేరున్న ఆటగాళ్లను ఆడించారు. ప్రోగ్రాం స్పష్టంగా గెలిచింది. ఆ మాట నమ్మకంగా చెప్పడానికి ఎన్ని ఆటలు పెట్టారో తెలుసా? 1,20,000. ఇరవై రోజులు. మన ఇళ్లల్లో చేత్తో కలిపి పంచితే గంటకు పాతిక ఆటలు సాగుతాయనుకుందాం, ఐదు గంటలకు 125. ఆ లెక్కన 1,20,000 ఆటలు ఆడాలంటే 960 రాత్రులు కావాలి. భోగి ఒక్క రాత్రే.

కాబట్టి నైపుణ్యం ఉంది, నిజమే. అది బయటపడటానికి చాలా కాలం పడుతుంది. ఒక రాత్రి ఎనిమిది మంది కూర్చుంటే ఎవరు గెలుస్తారన్నది ఎక్కువగా ముక్కలే తేలుస్తాయి. అందుకే రెండు నెలలు వరసగా గెలిచిన కుర్రాడు నాకు ఆట వచ్చేసిందనుకుని జీతం మొత్తం పెడతాడు. ఆ గెలుపు వాడిదా, ముక్కలదా అని వాడికే తెలియదు. నా దగ్గర చదువుకున్న పిల్లలను ఇద్దరిని అలా చూశాను.


పలమనేరు టు బెంగళూరు

సార్, మీ లెక్కకు ఎదురు చెప్పను. కానీ క్రికెట్లో ఒక్క మ్యాచ్ టాస్ మీద పోవచ్చు, వాన మీద పోవచ్చు. అంతమాత్రాన క్రికెట్ అదృష్టం ఆట అయిపోతుందా? కోర్టు ఒక రాత్రి చూస్తుందా, ఆట స్వభావం చూస్తుందా? లాయర్లు ఎవరైనా చెప్పాలి.


చిత్తూరు వకీలు

ఇరవై ఏళ్లకు పైగా చిత్తూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. పేకాట కేసులు పండగ ముందు, పండగ తర్వాత వస్తూనే ఉంటాయి. అమ్మా, మీ ప్రశ్నకు వరసగా చెబుతాను, కాస్త సమయం పడుతుంది.

ఆటలో అదృష్టం ఉందా అని చట్టం అడగదు. ముక్కలు కలిపి పంచే ఏ ఆటలోనైనా అదృష్టం ఉంటుంది. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఏది అని అడుగుతుంది. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, గెలుపు చాలా మేరకు నైపుణ్యం మీద ఆధారపడితే అది జూదం కాదని. 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందేలకూ ఇదే కొలత పెట్టి, నైపుణ్యమే అని తేల్చింది. కాబట్టి పలమనేరు బాబు అడిగినదానికి జవాబు, కోర్టు చూసేది ఆట స్వభావాన్నే. ఒక రాత్రి ఎవరు గెలిచారన్నది కాదు.

పేకాటకు పెద్ద తీర్పు మన రాష్ట్రం కేసులోనే వచ్చింది. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేట్ శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. మేమందరం 1968 సత్యనారాయణ తీర్పు అని పిలిచేది అదే. అందులో జస్టిస్ హిదాయతుల్లా రమ్మీ గురించి చెప్పింది మన ఇళ్లల్లో ఆడేవాళ్లందరికీ తెలిసిందే: పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో ఆలోచించాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట. ఫ్లష్, బ్రాగ్ అనే పేర్లతో ఆడే మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమే అని కూడా అక్కడే ఉంది. రమ్మీ ఒక గట్టున, మూడు ముక్కలాట ఇంకో గట్టున. పోకర్ ఏ గట్టున అన్నదే గొడవ.

గుజరాత్ హైకోర్టు 2017 డిసెంబర్లో పోకర్‌ను మూడు ముక్కలాట గట్టున పెట్టింది. రమ్మీ డబ్బు లేకుండా కూడా ఆడుకోవచ్చు, పోకర్‌లో పందెమే ఆట కదా అన్న వాదన ఆ వైపు బలంగా వినిపిస్తుంది. కర్ణాటక హైకోర్టు 2013లో ఇండియన్ పోకర్ అసోసియేషన్ కేసులో వేరే దారి పట్టింది, నైపుణ్యం ఆటగా ఆడేటప్పుడు లైసెన్సు అక్కర్లేదని. ఈ 'నైపుణ్యం ఆటగా ఆడేటప్పుడు' అన్న ముక్కను మీ తమ్ముడు దాటేసి ఉంటాడు, అందరూ దాటేస్తారు. పశ్చిమ బెంగాల్లో కోర్టు దాకా పోనక్కర్లేదు, 1957 నాటి వాళ్ల చట్టంలోనే బ్రిడ్జి, పోకర్, రమ్మీ జూదం కిందకు రావని రాసి ఉంది. నాగాలాండ్ 2016లో ఆన్‌లైన్ నైపుణ్యం ఆటలకు లైసెన్సులిచ్చే చట్టం తెచ్చి పోకర్‌ను ఆ జాబితాలో పెట్టింది. పక్కన తమిళనాడు పోకర్, రమ్మీలను అదృష్టం ఆటలని చెప్పి 2022లో ఆన్‌లైన్‌లో నిషేధిస్తే, 2023 నవంబర్లో మద్రాసు హైకోర్టు ఆ రెండింటి వరకు నిషేధాన్ని పక్కన పెట్టింది.

ఎందుకిలా అంటే, పందేలు, జూదం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, 34వ అంశం. ఎవరి చట్టం వాళ్లది, ఎవరి హైకోర్టు వాళ్ల చట్టాన్ని చదువుతుంది. చిత్తూరు నుంచి ఒక వైపు తమిళనాడులోని కాట్పాడి గంట ప్రయాణం, ఇంకో వైపు పలమనేరు దాటితే కర్ణాటక. అదే పేక కట్ట జేబులో పెట్టుకుని ఒక్క రోజులో మూడు చట్టాల కింద తిరిగి రావచ్చు.

ఇక మనది. 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను లోపలికి తెచ్చారు, రమ్మీ, పోకర్ కూడా. నిర్వహించేవాళ్లకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడేవాళ్లకు ఆరు నెలల దాకా జైలు అని అప్పట్లో ప్రభుత్వం ప్రకటించింది. మీ మిద్దె మీద ఆట ఆన్‌లైన్ కాదు. అయినా మీ తమ్ముడి చేతిలో ఉన్నది కర్ణాటక పోలీసు చట్టం మీద వచ్చిన ఆర్డరు. మన కోర్టులో దాన్ని వాదనగా చూపించవచ్చు, రక్షగా పెట్టుకోలేం. గుజరాత్ తీర్పు కూడా అంతే, మనల్ని కట్టేయదు.

వాదన గెలవడం వేరు, ఆ రాత్రి గడవడం వేరు. జూద చట్టాల్లో ఒక నిబంధన ఉంటుంది: సరైన అధికారంతో తనిఖీ చేసినప్పుడు పేక ముక్కల్లాంటివి దొరికితే అది జూదగృహమే అని ముందు అనుకుంటారు, కాదని చూపించాల్సింది మనం. సికింద్రాబాద్ వాళ్లు చూపించగలిగారు. 1963లో దాడి, తీర్పు వచ్చేసరికి నాలుగేళ్లకు పైనే. ఆ నాలుగేళ్లూ వాళ్లు ముద్దాయిలే.

మీ నాయనగారి సంగతి చెప్పాలంటే ఒకటి తెలియాలి. ఆ షెడ్డు యజమాని ఆటలో నుంచి ఏమైనా తీసుకునేవాడా? అలాగే మీ తమ్ముడు ఆ రెండు వేలు కాక ఇంకేమైనా వసూలు చేస్తున్నాడా?


భవానీనగర్ అక్క, తిరుపతి

సార్, మీరు అడిగింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

తీసుకునేవాడు. ఆట ఆటకూ గెలిచినవాడి దగ్గర పది రూపాయలు. ఒక డాల్డా డబ్బాలో వేసేవాళ్లట. నాయన పోయే ముందు ఒకసారి ఆయనే చెప్పారు, ఆ పదీ టీకి, కరెంటుకి అనుకునేవాళ్లమని. డబ్బా కూడా ఆ ఫోటోలో బల్ల మీద ఉంది, ఇప్పుడు గుర్తొస్తోంది. నాకు అప్పుడు అది ఎందుకు పెట్టారో అర్థం కాలేదు.

తమ్ముడిని ఇప్పుడే అడిగాను. తలా రెండు వేలు కాక ఇంకో రెండు వందలట, బిర్యానీకి, పందెం బిళ్లల (చిప్స్) సెట్టు కొన్నందుకు. అంటే పదహారు వందలు. సెట్టు వాడే పెట్టుకుంటాడు.


చిత్తూరు వకీలు

అమ్మా, మీ జవాబు ఆ డబ్బాలోనే ఉంది.

1968 తీర్పును అందరూ సగమే చెబుతారు. రమ్మీ నైపుణ్యం ఆట అన్న తర్వాత అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆ ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ పందెం పెట్టి ఆడే రమ్మీ నుంచి, లేదా ఇంకే ఆట నుంచైనా, లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చని. నైపుణ్యం అన్న రక్ష అక్కడితో ఆగిపోతుంది. సికింద్రాబాద్ క్లబ్బు కూడా కొంత రుసుము తీసుకుంది. ముక్కలకు, కూర్చోవడానికి మామూలు రుసుము తీసుకుంటే, అది మరీ ఎక్కువ కానంత వరకు, లాభం చేసుకున్నట్టు కాదని కోర్టు వాళ్లను నమ్మింది. గెలిచిన ప్రతి ఆటలో నుంచి కోత తీసే షెడ్డు దానికి దూరం.

మీ నాయనగారు ఆడిన ఆటలో తప్పు లేదు. ఆట నడిచిన చోటు వల్ల ఇరుక్కున్నారు. జరిమానా కట్టి వచ్చారంటే నేరం ఒప్పుకుని ఉంటారు, అప్పట్లో ఒక్క రోజులో తేలిపోతుందని చాలామంది అలాగే చేసేవాళ్లు. ఎవరో ఒకరు మంచి సలహా ఇచ్చి, ఆయన డబ్బు తీసుకున్నవాడు కాదు ఇచ్చినవాడు అని వాదించి ఉంటే బాగుండేది. నాకు బాధగానే ఉంది.

తమ్ముడి రెండు వందలు వెంటనే ఆపండి. నలుగురూ కలిసి బిర్యానీ ఖర్చు పంచుకోవడం తప్పు కాదు, కానీ ఆట పెట్టినవాడే డబ్బు వసూలు చేసి, మిగిలింది తనే ఉంచుకుని, ఆ సెట్టు తన దగ్గరే పెట్టుకుంటే, దాన్ని ఎదుటివైపు ప్లీడరు ఎలా చెబుతాడో నాకు తెలుసు. నేనే ఆ వైపు ఉంటే నేనూ అలాగే చెబుతాను.


నగరి బాబు

సార్, నేను ముందు రాసింది తప్పే, ఒప్పుకుంటున్నా. మరి ఇంత గొడవెందుకు, ఫోన్లో ఆడుకుంటే సరిపోదా? ఎవరి ఇంట్లో వాళ్లు.


చిత్తూరు వకీలు

అది ఇంకా ఇబ్బంది. ఆన్‌లైన్‌లో ఇప్పుడు నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే అక్కర్లేకుండా చేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యం ఆటైనా అదృష్టం ఆటైనా రెండూ కలిసినా, నడపకూడదు. నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసినవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆ చట్టం ఆడేవాళ్లకు శిక్ష పెట్టలేదు, కానీ పైన చెప్పిన మన 2020 సవరణ వేరుగా ఉంది. కేంద్ర చట్టం మీద వేసిన కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. పోకర్ వాళ్ల వాదన అక్కడ మళ్లీ ఇదే: అరవై ఏళ్లుగా నైపుణ్యం వేరు, జూదం వేరు అని మీరే చెప్పారు కదా అని. ఆ వాదనలో బలముందని నేను నమ్ముతాను. నమ్మినంత మాత్రాన ఈ రోజు ఎవరినీ ఆడమని చెప్పను.


పుత్తూరు తల్లి

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆయన ఫోన్లో రమ్మీ ఆడి ఒక ఏడాదిలో మా పాప పేరు మీద వేసిన డబ్బంతా పోగొట్టారు. తర్వాత లోన్ యాప్‌లు. ఆయనకు రమ్మీ బాగా వచ్చు, చిన్నప్పటి నుంచి సంక్రాంతికి ఇంట్లో ఎప్పుడూ ఆయనే గెలిచేవారు. ఆ నమ్మకంతోనే దిగారు. లెక్కల సార్ రాసింది చదివి ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, ఫోన్లో ఎదుట కూర్చున్నదెవరో కూడా నాకు తెలియదు కదా అన్నారు. ఇప్పుడు మానేశారు, ఎనిమిది నెలలైంది. అక్కా, మీ తమ్ముడిని తిట్టకండి. ఎంత పెడుతున్నాడో, ఎంత పోయిందో పక్కన కూర్చుని అడగండి. నేను అడగడానికి ఏడాది పట్టింది.


లెక్కల సార్, తిరుపతి

తల్లీ, మీరు రాసినందుకు దండం పెడుతున్నాను. ఎదుట ఎవరున్నారో తెలియకపోతే ఏ లెక్కా పనికిరాదు, అది నేను రాయాల్సింది, మరిచాను. పైగా ఆట నడిపేవాడు ప్రతి ఆటలో కోత తీస్తుంటే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి డబ్బు కలిపి చూస్తే అది తగ్గుతూనే ఉంటుంది. పక్కవాడికన్నా బాగా ఆడితే చాలదు, ఆ కోతను కూడా మించి ఆడాలి. అది చేయగలిగేవాళ్లు కొద్దిమందే.


భవానీనగర్ అక్క, తిరుపతి

అందరికీ చెప్పాలని వచ్చాను. నిన్న తమ్ముడికి వీడియో కాల్ చేసి ఇదంతా చదివి వినిపించాను. కోర్టుల సంగతి వచ్చినంతసేపూ వాదించాడు. డాల్డా డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. నాయన కేసప్పుడు వాడికి ఆరేళ్లు, వాడికి ఆ ఫోటో సంగతే తెలియదు, మేము ఎప్పుడూ చెప్పలేదు. పుత్తూరు అక్క చెప్పినట్టే ఎంత పోయిందని అడిగాను. రెండేళ్లలో లక్షా నలభై వేలు పోయాయట. గెలిచిన రోజులు మాత్రమే మాకు చెప్పేవాడు.

డబ్బుతో వద్దు, ఆట నేర్పించడానికైతే పిలుస్తానన్నాడు. నేను అమ్మకు చెప్పాను, పందెం లేదు, వసూళ్లు లేవు, ఊరికే ముక్కలాట అని. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం వంటింట్లోకి వెళ్లి చింతపండు కొట్టగా మిగిలిన చింతగింజల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిది మందికి ఇవి సరిపోతాయా అని అడిగింది.

పలమనేరు తమ్ముడూ, తలా ఎన్ని ఇవ్వాలి?


పలమనేరు టు బెంగళూరు

తలా వంద ఇవ్వండి అక్కా, మొత్తం ఎనిమిది వందలు. మొదట్లో ఒక గింజ, రెండు గింజలతో మొదలుపెట్టమనండి, అప్పుడు రెండు గంటలు సాగుతుంది. పొట్టు తీసిన తెల్లవి ఉంటే ఒక్కోటి పదికి లెక్క కట్టండి, లేకపోతే చివర్లో గుప్పిళ్లు గుప్పిళ్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. అమ్మగారికి కూడా రెండు ముక్కలు పంచండి.